సెల్లు, సెన్సరు, మనిషి: శక్తి నింపుకోవడంపై విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక, ఆటోనగర్, పరవాడ, పోర్టు, ఫిషింగ్ హార్బర్ ప్రాంతాల్లో వైర్‌లెస్ సెన్సర్లు చూసుకునే టెక్నీషియన్లు, షిఫ్టు ఇన్‌ఛార్జులు, మేస్త్రీల కోసం ఈ పేజీ. ప్రశ్నలన్నీ పనిచోట వినిపించేవే. కొన్నింటికి ఒక్క వాక్యం చాలు, కొన్నింటికి లెక్క వేసి చూపించాలి.

బ్యాటరీల సంగతీ మనుషుల అలసటా ఒకేచోట ఎందుకు రాశారు?

రెండూ ఒకరి చేతిలోనే ఉంటాయి కాబట్టి. సెన్సరులో సెల్లు అయిపోతే మే నెల మిట్టమధ్యాహ్నం ట్యాంకు మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కాల్సింది మనిషే. సెల్లు మూడేళ్లు ఎక్కువ వచ్చేలా చూస్తే ఆ మనిషికి అన్ని ఎక్కుళ్లు తగ్గుతాయి. రెండు చోట్లా పనికొచ్చే నియమం కూడా ఒకటుంది: పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు, బరువంతా ఒక్కరి మీదే పడనివ్వకూడదు. తేడా ఏమిటంటే, పాడైన సెల్లు తీసి కొత్తది వేస్తాం. పాడైన ఆరోగ్యానికి ఆ వీలు లేదు.

ఫోను, వాకీటాకీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలంటారు. నిజమేనా?

నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల్లో పుట్టిన మాట అది. ఇప్పుడు ఫోన్లలో, చాలా వాకీటాకీల్లో ఉన్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది, వీటిని తయారుచేసే దారి వేసిన ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వీటికి పూర్తిగా ఖాళీ అవడమే హాని. 30 శాతం దగ్గర పెట్టి 80 దగ్గర తీసినా నష్టం లేదు, పైగా ఎక్కువ కాలం వస్తాయి. భోజన విరామంలో ఇరవై నిమిషాలు పెట్టుకోండి, నిశ్చింతగా.

ఎండకు బ్యాటరీ పాడవుతుందా?

అవుతుంది. బైక్ ట్యాంకు కవర్లో, క్రేన్ క్యాబిన్ అద్దం దగ్గర ఫోను వదిలేస్తే బయట 36 డిగ్రీలున్నా ఫోను అంతకంటే చాలా వేడెక్కుతుంది. లిథియం అయాన్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చెయ్యకూడదు. నిండు ఛార్జింగుతో 40 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు పడి ఉన్న బ్యాటరీ తన సామర్థ్యంలో మూడో వంతు దాకా పోగొట్టుకుంటుంది. స్టోరులో స్పేర్ బ్యాటరీలు దాచాలంటే 40–50 శాతం ఛార్జింగుతో, నీడపట్టున, చల్లగా ఉండే చోట పెట్టండి. రేకుల షెడ్డులో పై అరమీద మాత్రం వద్దు.

వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ వాడొచ్చా?

వాడొచ్చు. ప్యాడ్‌లోని తీగచుట్టలో మారే అయస్కాంత క్షేత్రం ఫోనులోని తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుంది. ఈ దారిలో కొంత శక్తి వేడిగా పోతుంది, అందుకే వైరుతో పోలిస్తే ఫోను ఎక్కువ కాగుతుంది. ఉప్పుగాలికి ఛార్జింగ్ పోర్టులు తుప్పు పట్టే హార్బర్ లాంటి చోట్ల మాత్రం రంధ్రమే లేని పరికరం, దానికో ప్యాడ్ మంచి ఏర్పాటు. దూరం నుంచి ఇచ్చే ప్రయత్నాలూ జరిగాయి. 2007లో ఎంఐటీ పరిశోధకులు రెండు మీటర్ల దూరంలోని 60 వాట్ల బల్బును ఇలా వెలిగించారు. కానీ పంపిన శక్తిలో చేరింది సుమారు 40 శాతమే.

గాల్లో ఇన్ని సిగ్నళ్లు ఉన్నాయి కదా, వాటితోనే సెన్సరు నడవదా?

ఊరికే గాల్లో తిరిగే సిగ్నల్లో దొరికేది చదరపు సెంటీమీటరుకు మైక్రోవాటు కూడా ఉండదు. టవరు నుంచి దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే దగ్గర నుంచి, కావాలని పంపితే పని జరుగుతుంది. మీ కారు అద్దానికున్న ఫాస్టాగ్‌నే చూడండి: అందులో సెల్లు లేదు. టోల్ గేటు రీడరు పంపే రేడియో తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుని తన నంబరు తిరిగి చెబుతుంది.

స్టీలు పని జరిగే చోట ఇంతకంటే మంచి వనరు ఉంది. వేడి పైపుకు ఒక పక్క, చల్లబరిచే రెక్కలకు ఇంకో పక్క ఆనించి థర్మోఎలక్ట్రిక్ పలక పెడితే ఆ ఉష్ణోగ్రతల తేడా నుంచే కరెంటు వస్తుంది. 1821లో జీబెక్ గమనించిన ప్రభావమే ఇది. కొన్ని మిల్లీవాట్లు వచ్చినా కంపనాలు కొలిచే సెన్సరు ఒకటి హాయిగా నడుస్తుంది. వేడి పుష్కలంగా వృథా అయ్యే మన ప్లాంట్లలో దీన్ని ఇంకా ఎక్కువగా వాడాలని నా గట్టి అభిప్రాయం.

సెల్లు పదేళ్లు వస్తుందన్నారు, మాకు ఏడాది కూడా రాలేదు. ఎందుకు?

చాలా కీలకమైన ప్రశ్న ఇది, లెక్క వేసి చూద్దాం. సెన్సర్లలో ఎక్కువగా వాడే పెన్సిల్ సెల్లు సైజు లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్లులో దాదాపు 2400 మిల్లీ ఆంపియర్ అవర్ ఉంటుంది, అంటే ఒక మిల్లీ ఆంపియర్ చొప్పున 2400 గంటలు ఇచ్చేంత నిల్వ. సెన్సరు నిద్రలో 5 మైక్రో ఆంపియర్లు (మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు) తీసుకుంటుందనుకోండి. మాట్లాడేటప్పుడు, అంటే సందేశం పంపేటప్పుడు 40 మిల్లీ ఆంపియర్లు, సెకనులో పదో వంతు సేపు. పావుగంటకోసారి మాట్లాడితే సగటు వాడకం 10 మైక్రో ఆంపియర్లు కూడా దాటదు. కాగితం మీద పాతికేళ్లు పైనే వస్తుంది. సెల్లు దానంతట అది తరగడం, వేడి, అన్నీ కలిపి పదేళ్లు అనుకోవచ్చు. అదే సెన్సరును పది సెకన్లకోసారి మాట్లాడమని పెడితే సగటు 400 మైక్రో ఆంపియర్లు దాటుతుంది, సెల్లు ఎనిమిది నెలల్లో ఖాళీ. సెల్లు అదే, సెన్సరూ అదే. మారింది సెట్టింగు.

రెండో కారణం సిగ్నలు. లోరా (తక్కువ కరెంటుతో దూరానికి సందేశం పంపే రేడియో పద్ధతి) సెన్సరుకు సిగ్నలు బలహీనమైతే అది నెమ్మదిగా, ఎక్కువసేపు మాట్లాడుతుంది. మంచి సిగ్నల్లో పట్టే సమయంతో పోలిస్తే అధ్వానమైన సిగ్నల్లో ఒక్క సందేశానికి ఇరవై రెట్లకు పైగా సమయం పట్టొచ్చు. ఇనప దూలాల వెనక, కంటైనర్ల మధ్య పెట్టిన సెన్సర్లు ముందు అయిపోయేది ఇందుకే. యాంటెన్నాను రెండు మీటర్లు పక్కకు జరిపితే సెల్లుకు ఏళ్లు కలిసిరావచ్చు.

మూడోది మన సముద్రం. హార్బర్ వైపు ఉన్న సెన్సర్ పెట్టె మూత తీసి చూడండి. స్ప్రింగ్ దగ్గర పచ్చటి చిలుము, రబ్బరు సీలు మీద తెల్లటి ఉప్పు పొర, కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్ ఒక పక్క వదులై ఉంటుంది. ఆ తేమలోంచి కొద్దికొద్దిగా కరెంటు కారిపోతూనే ఉంటుంది. సెల్లు మార్చేటప్పుడు సీలు కూడా మార్చండి, టెర్మినళ్లు తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి.

గ్యాస్ సెన్సర్లు కూడా సెల్లుతో నడిపించొచ్చా?

రకాన్ని బట్టి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ లీకైన తర్వాత ఈ ఊళ్లో గ్యాస్ సెన్సర్ల గురించి అడగనివాళ్లు లేరు, అడగాలి కూడా. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి పట్టే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లకు మైక్రో ఆంపియర్లు చాలు, సెల్లుతో ఏళ్లు నడుస్తాయి. మండే గ్యాసులను పట్టే క్యాటలిటిక్ రకాలకూ, చవగ్గా దొరికే మెటల్ ఆక్సైడ్ రకాలకూ లోపల హీటరు ఎప్పుడూ వేడిగా ఉండాలి. వాటికి వందల మిల్లీవాట్లు కావాలి. వాటికి లైను కరెంటు, దానికి బ్యాకప్ ఇవ్వండి. సెల్లు ఆదా చెయ్యడానికి గ్యాస్ అలారాన్ని నిద్రపుచ్చే సెట్టింగు జోలికి దయచేసి వెళ్లొద్దు.

ఇంకో మాట. మండే ఆవిరి ఉండే జోన్లలో సెల్లు మార్చడం, ఫోను ఛార్జింగ్ పెట్టడం నిషిద్ధం. అక్కడ వాడే పరికరానికి పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉండాలి. పర్మిట్ లేకుండా పెట్టె మూత తియ్యకూడదు.

సోలార్ పెట్టేస్తే గొడవ వదిలిపోదా?

సగం వదిలిపోతుంది. విశాఖకు ఎండ కొదవలేదు. ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సోలార్ ఉంది, సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద 25 మెగావాట్లది 2021లో మొదలైంది. మన సమస్య వానాకాలం, తుపాను, దుమ్ము.

సెన్సర్లకు సోలార్ అంతగా అక్కర్లేదు. కావాల్సింది వాటన్నింటి మాటలు విని పైకి పంపే గేట్‌వేకు. అది ఎడతెగకుండా 5 వాట్లు తింటుందనుకుంటే రోజుకు 120 వాట్ అవర్లు. ఎండ బాగున్న రోజుల్లో 40 వాట్ల ప్యానెలే చాలనిపిస్తుంది. ముసురు పట్టాక ఖాళీ అయిన బ్యాటరీని మళ్లీ నింపాలంటే 75 నుంచి 100 వాట్లు పెట్టుకోవాలి. బ్యాటరీ ఐదు రోజులకు లెక్క వేసుకోండి: 600 వాట్ అవర్లు, అంటే 12 వోల్టుల 50 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఐదు రోజులెందుకని అడిగేవాళ్లు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊరు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలి. కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. సరిగ్గా అలాంటప్పుడే నీటిమట్టం, గ్యాసు, వాతావరణం చెప్పే సెన్సర్ల అవసరం ఎక్కువ.

పోర్టు చుట్టుపక్కల ప్యానెళ్ల మీద నల్లటి దుమ్ము పేరుకుంటుంది. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో కడగండి.

గేట్‌వేకు దగ్గరగా ఉన్న సెన్సర్లే ముందు ఎందుకు అయిపోతున్నాయి?

మెష్ నెట్‌వర్కు, అంటే సెన్సర్లు ఒకదాని సందేశం ఇంకొకటి అందుకుని ముందుకు పంపే ఏర్పాటు అయితే అంతే. దూరాన ఉన్నవాటి సందేశాలన్నీ వీటి మీదుగానే వెళ్లాలి. తమ పని కొంచెం, పక్కవాళ్ల మోత బోలెడు. ఇవి పోతే వెనకున్నవాటి సెల్లు నిండుగా ఉన్నా వాటి మాట వినేవాళ్లు ఉండరు. దీనికి 2000లో వెండి హైన్జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ లీచ్ అనే పద్ధతి ప్రతిపాదించారు. సెన్సర్లు గుంపులుగా ఏర్పడతాయి, గుంపుకో నాయకుడు అందరి సందేశాలూ కూడగట్టి పంపుతాడు, కాసేపటికి ఆ బాధ్యత ఇంకొకరికి వెళుతుంది. ఎవరూ ఒంటరిగా అరిగిపోరు. మీ దగ్గర ఆ సదుపాయం లేకపోతే దగ్గరి సెన్సర్లకు లైను కరెంటు ఇవ్వండి, లేదా ఇంకో గేట్‌వే పెట్టండి.

సెన్సర్ల దగ్గరికి తిరుగుతూ ఛార్జ్ చేసొచ్చే బండ్లు, డ్రోన్ల మీద పరిశోధన చాలా జరిగింది. మన ప్లాంట్లకు ఇప్పటికి సెల్లు మార్చడమే చవక.

ఇదే లెక్క మనుషులకూ పనికొస్తుందా?

ప్రతి గ్యాంగులోనూ ఒకడుంటాడు. బరువైనదేదైనా వస్తే "అప్పల్రాజున్నాడు కదేటి, ఆడెత్తేత్తాడు" అంటారు. పైపుల అతుకు దగ్గరి ఫ్లాంజి బిగుసుకుంటే అతనే, పైకి ఎక్కాలంటే అతనే, ఎవడో రాకపోతే డబుల్ డ్యూటీ అతనే. కాదనడు కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. అతను నడుం పట్టేసి పడుకున్న రోజున పనంతా ఆగిపోతుంది. మేస్త్రీ చెయ్యాల్సింది చిన్న పని: నోటుబుక్కులో పేరు పక్కన పని రాసుకుని, బరువు పని చేసినవాడికి వెంటనే ఇంకో బరువు పని వెయ్యకపోవడం. గంటన్నరకోసారి మనుషులను మార్చితే ఎవరూ చతికిలబడరు, పనీ తగ్గదు.

మనిషిలో శక్తి ఎక్కడ నిల్వ ఉంటుంది?

కండరంలో అప్పటికప్పుడు సిద్ధంగా ఉండే శక్తి కొన్ని సెకన్లకే సరిపోతుంది. ఆ తర్వాత ఆదుకునేది గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా ఉంటుంది. ఇది తరిగిపోతే కాళ్లు బరువెక్కుతాయి, విసుగొస్తుంది, తప్పులు మొదలవుతాయి. కొవ్వు నిల్వ ఎక్కువే కానీ అది నెమ్మదిగా కరుగుతుంది. అందుకే ఖాళీ కడుపుతో పొద్దున ఆరింటి షిఫ్టుకు రావద్దని పదేపదే చెప్పేది. చద్దన్నం, తరవాణి, చోడి అంబలి, ఇడ్లీ, అరటిపండు, ఏదైనా సరే. మన పెద్దవాళ్లు పొలానికి వెళ్లేముందు తిన్నవి ఈ పనికి ఇప్పటికీ బాగా సరిపోతాయి.

టీ తాగితే శక్తి వస్తుంది కదా?

రాదు. అందులోని చక్కెర కాస్త ఇస్తుంది, అంతే. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పోగవుతూ నిద్ర రమ్మంటుంది. కెఫీన్ ఆ కబురు వినపడకుండా అడ్డుపడుతుంది. నిద్ర బాకీ అలాగే ఉంటుంది. పైగా ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికి ఐదు గంటల వరకూ పడుతుంది. సి షిఫ్టులో, అంటే రాత్రి డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటికి ఇంట్లో పడుకున్నా వెంటాడుతుంది. టీ షిఫ్టు మొదట్లో తాగండి, రెండు దాటాక మానండి.

కడపలో 42 డిగ్రీలు, ఇక్కడ 36. మరి మనకెందుకింత నీరసం?

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో వడగాడ్పు లెక్కను 40 డిగ్రీల నుంచి చూస్తే తీరప్రాంతాల్లో 37 నుంచే చూస్తుంది. కొలిమి పక్కన, కోక్ ఒవెన్ల మీద, బోటు ఇంజిన్ గదిలో పనిచేసేవాళ్లకు ఊరి ఉష్ణోగ్రతతో సంబంధం లేదు, వాళ్లది వేరే లెక్క.

వేడిలో పని చేస్తున్నప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. దాహం వేశాక తాగుదామంటే ఆలస్యమైపోతుంది. గంటలో లీటరున్నర దాటి మాత్రం తాగొద్దు, ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. రెండు గంటలకు మించి చెమట కారే పనైతే ఉప్పేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ మధ్యలో పడాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు.

కొత్తగా వచ్చినవాళ్లే ఎందుకు ఎక్కువగా పడిపోతున్నారు?

ఒళ్లు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. షట్‌డౌన్ పనులకు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కుర్రాళ్లు వస్తారు, దిగిన రోజే పూర్తి పని పెట్టేస్తారు. కొత్తవాళ్లకు మొదటి రోజు వేడిలో పని ఐదో వంతే ఉండాలి, ఆ తర్వాత రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చిన పాతవాళ్లనూ సగం పనితోనే మొదలుపెట్టించాలి.

ఆడవాళ్లు నీళ్లే తాగడం లేదు. ఎంత చెప్పినా వినరేం?

మరుగుదొడ్డి ఉందా? చేపలు ఎండబెట్టే చోటా, బిల్డింగ్ పనుల్లోనూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా నీళ్లు ముట్టని అక్కలు ఉన్నారు. తాగితే వెళ్లడానికి చోటు లేదు కాబట్టే మానేస్తున్నారు. మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు, వడదెబ్బ, అన్నీ అక్కడి నుంచే. గొళ్లెం పడే తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే చెప్పక్కర్లేకుండానే తాగుతారు. అది లేకుండా నీళ్లు తాగమని బోర్డులు పెట్టడం అన్యాయం.

నైట్ డ్యూటీలో కునుకు తియ్యడం తప్పా?

కంట్రోల్ ప్యానెల్ ముందు తూగడం తప్పు, ప్రమాదం. విరామంలో, ఇంకొకరు చూసుకుంటుండగా ఇరవై నిమిషాలు పడుకోవడం మంచి పద్ధతి. అరగంట దాటనిస్తే గాఢనిద్రలోకి జారతాం, లేచాక కాసేపు మొద్దుగా ఉంటుంది. లేచిన పది నిమిషాల దాకా వాల్వు మీద చెయ్యి వెయ్యకండి.

ఇంటికి వెళ్లే దారే అసలు భయం. పదిహేడు గంటలు మెలకువగా ఉన్నవాడి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని పరీక్షల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03. డబుల్ డ్యూటీ చేసినవాళ్లను బైక్ మీద హైవే ఎక్కనివ్వకండి, కంపెనీ బస్సులో పంపండి.

చట్టం ప్రకారం ఎంత విరామం ఇవ్వాలి?

1948 ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం, ఓవర్‌టైంకు రెట్టింపు వేతనం అని ఉండేది. 2025లో రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఈ నిబంధనలు మారాయి కాబట్టి ఇప్పటి అంకెలు మీ ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద, కార్మిక శాఖ దగ్గర చూసుకోండి. కాగితం మీద గంటలు పెరిగినా ఒంట్లో గ్లైకోజెన్ పెరగదు. వేడి పనిలో చట్టం చెప్పే కనీసం సరిపోదు.

ఎవరైనా పడిపోతే?

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని తాత్సారం చెయ్యొద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టండి. హార్బర్లో ఐసుకు లోటేముంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

మాకు సెల్లులు మార్చే పని ఎప్పుడూ ఎండాకాలంలోనే పడుతోంది. ఎలా మార్చుకోవాలి?

వోల్టేజీ పడిపోయినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఇలాగే అవుతుంది. లిథియం థయోనైల్ సెల్లు వోల్టేజీ చివరిదాకా 3.6 దగ్గరే నిలబడి, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని వోల్టేజీని నమ్ముకోకుండా సందేశాల లెక్క చూడండి: ఎన్ని పంపింది, ఎంత సిగ్నల్లో పంపింది. వచ్చే వేసవిలో అయిపోయేలా ఉన్నవాటిని డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే మార్చెయ్యండి. సెల్లులో కొంత మిగిలి ఉన్నా ఫరవాలేదు, సెల్లు ధర ఒక మనిషి మే నెలలో ట్యాంకు ఎక్కే కష్టం కంటే ఎక్కువ కాదు. ఒక ఏరియావన్నీ ఒకేసారి, పొద్దున ఆరు నుంచి పది లోపు, ఇద్దరిద్దరుగా వెళ్లండి. తీసిన సెల్లుల కొసలకు టేపు అంటించి విడిగా పెట్టెలో వెయ్యండి. వీటిని చెత్తబుట్టలో వెయ్యకూడదు, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగుకు వెళ్లాలి. మార్చిన తేదీని పెట్టె మూత లోపలివైపు పెయింట్ మార్కరుతో రాయండి, పైన రాస్తే ఉప్పుగాలికి ఏడాదిలో చెరిగిపోతుంది.